ఆకాశం నుంచి రాలే మందు

నా వైద్యవృత్తిలో అధికభాగం పత్తి పండించే పల్లెల నడుమ గడిచింది. పురుగుమందు విషం సోకిన రోగిని గుమ్మంలోనే పోల్చుకోగలిగేవాణ్ణి. సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు, నోట చొంగ, ఒంటినిండా చెమట కనిపిస్తే చేయి దానంతటదే అట్రోపిన్ కోసం వెళ్లేది. అయితే వీపున పంపు మోసినవారినే అలా అనుమానించేవాణ్ణి. ఒకనాడు ఒక తల్లి వాంతులతో వాడిపోయిన ఏడేళ్ల కూతురిని తెచ్చింది. అజీర్తి అనుకొని మందిచ్చి పంపాను. "పక్క చేలో మందు కొట్టారా అమ్మా?" అని అడగలేదు. ఆ రాత్రే బిడ్డ ఊపిరాడని స్థితిలో తిరిగివచ్చింది. బ్రతికింది గాని, నేను అడగని ఆ ప్రశ్న నేటికీ ముల్లులా గుచ్చుతూనే ఉన్నది.

అటువంటి ప్రశ్న అడిగిన వైద్యుడు కేరళలోని కాసరగోడు జిల్లాలో ఉన్నారు. పడ్రె గ్రామ ప్రాంతంలో ప్రాక్టీసు చేసిన డాక్టర్ వై.ఎస్. మోహన్ కుమార్, ఒకే చోట ఇన్ని మూర్ఛలు, బుద్ధిమాంద్యాలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఎందుకున్నాయని ఆలోచించారు. ఆ కొండలపై ప్రభుత్వ రంగ సంస్థకు చెందిన జీడిమామిడి తోటలున్నాయి. 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో వాటిపై ఎండోసల్ఫాన్ చల్లారు.

ఇక్కడ ఒక చిక్కును గ్రహించాలి. గగనతలం నుంచి చల్లే మందు పైరుమీదనే పడాలంటే విమానం చాలా తక్కువ ఎత్తులో ఎగరాలి. అప్పుడు కరెంటు తీగలు, చెట్లు పైలట్ ప్రాణానికి ముప్పు. పొరపాటు దిద్దుకొనే వ్యవధి ఉండదు. సేంద్రియ భాస్వర మందుల తుంపర అతని కంటికి సోకితే చూపు మసకబారి ఆ ముప్పు రెట్టింపవుతుంది. భయపడి పైకి లేస్తే సన్నని తుంపర గాలివాటున ఊళ్లమీదికి పోతుంది. ఎగుడుదిగుడు కొండల కాసరగోడులో లోయల నిండా ఇళ్లు, వాగులు, బావులు ఉన్నాయి. ఆ మందు చెట్ల దగ్గరనే ఆగిపోలేదు.

అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పడ్రె పిల్లలను, మందు చల్లని మరొక గ్రామపు పిల్లలతో పోల్చి పరీక్షించింది. పడ్రెలో నాడీ సంబంధమైన లోపాలు ఎక్కువగా ఉన్నట్లు, మగపిల్లలలో యౌవన వికాసం ఆలస్యమైనట్లు గుర్తించింది. ప్రతి రోగానికీ ఈ మందే కారణమా అన్నదానిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదోపవాదాలు జరిగాయి. అయినా 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిలిపివేసింది. 2017లో బాధితులకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. ఈ మందు సోకినవారికి మూర్ఛలు వస్తాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, అట్రోపిన్ కూడా పనిచేయదు.

నేడు మన చేలమీద డ్రోన్లు తిరుగుతున్నాయి. వీపుమీది పంపు బరువు తప్పడం మంచిదే. కాని డ్రోనులో కలిపే మందు చిక్కన, తుంపర సన్నన. గాలి మాత్రం పాతదే. గాలి వీస్తున్నప్పుడు, మిట్టమధ్యాహ్నపు ఎండలో చల్లవద్దు. నడిపేవారు గాలి వచ్చే వైపునే నిలబడాలి. ముందురోజే ఇరుగుపొరుగుకు చెప్పాలి. బావులు, నీళ్ల తొట్లు మూసి, పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. మందు ఒంటిమీద పడితే బట్టలు విప్పి, సబ్బుతో బాగా కడగాలి. కడుపులోకి పోతే బలవంతంగా వాంతి చేయించవద్దు. ఆసుపత్రికి మందు డబ్బానో, దానిమీది చీటీనో తప్పక తీసుకువెళ్లండి. ఏ విషమో తెలిస్తేనే ఏ చికిత్సో తేలుతుంది.

వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి: "మా పక్క చేలో నిన్న మందు చల్లారు." ఆనాడు ఆ తల్లికి ఈ మాట చెప్పాలని తెలియదు. అడగవలసిన నేను అడగలేదు.