ఉలవల వాసన

నలభై మూడేళ్ల వయసులో మళ్లీ గుర్రం ఎక్కుతున్నానని చెప్తే మా ఖాలా ఫోన్లో కాసేపు చప్పుడు చేయలేదు. తర్వాత, "తౌబా! నడుము విరిగితే నిన్నెవరు చూస్తారే?" అంది. ఆమెని తప్పు పట్టలేను. మొదటి రోజు పైకెక్కి కిందికి చూసినప్పుడు నాకూ అదే ఫికర్ పట్టుకుంది.

మళ్లీ అన్నాను కదా, ఆ సంగతి ముందు చెప్పాలి. నంద్యాలలో మా దాదాకి జట్కా ఉండేది. స్టేషన్ బయట స్టాండు. గుర్రం పేరు మోతీ. పేరుకే మోతీ, రంగు మాత్రం తడిసిన ఇటుక. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు దాదా బండి విప్పి దాన్ని నీళ్లకు తోలుకెళ్లేవాడు. నన్ను దాని వట్టి వీపు మీద కూచోబెట్టేవాడు. జీను లేదు, రికాబులు లేవు. జూలు పట్టుకుని, మోకాళ్లతో గట్టిగా అదిమి కూచోవడమే నాకు తెలిసిన సవారీ. దాదా ఒక్కటే చెప్పేవాడు: వెనక నుంచి పోవద్దు, పక్క నుంచి మాట్లాడుతూ పో, ముందు మెడ మీద చెయ్యి వెయ్యి.

పన్నెండో ఏడు రాగానే దాదీ దించేసింది. "ఎదిగిన పిల్ల, బజార్లో కాలు అటొకటి ఇటొకటి వేసుకుని... వచ్చిందండీ పెద్ద చాంద్ బీబీ!" తర్వాతెప్పుడో ఒక పుస్తకంలో చాంద్ బీబీ బొమ్మ చూశాను. గుర్రం మీద, చేతి మీద డేగ. 1595లో మొగల్ ఫౌజు అహ్మద్‌నగర్ కోటను చుట్టుముడితే నిలబడిన మనిషి. ఆమెని వాళ్ల దాదీ దించలేదా అని అడగాలనిపించింది. అడిగే హిమ్మత్ నాకెక్కడిది?

ఆ తర్వాత ఊళ్లో ఆటోలు పెరిగాయి. అబ్బా అప్పు చేసి ఆటో కొన్నాడు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి మోతీ లేదు, గుంజకి పలుపు మాత్రం ఉంది. సగం బస్తా ఉలవలు మిగిలిపోయాయి. పారేయలేం కదా. అమ్మీ నెల రోజులు వాటితోనే చారు కాచింది. దాదా ఆ చారు ముట్టలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో మా అమ్మాయికి షౌక్ పుట్టిందని ఊరి బయట ఒక రైడింగ్ స్కూల్లో చేర్పించాను. మూడు వారాలకే దానికి బ్యాడ్మింటన్ మీద మనసు మళ్లింది. కట్టిన ఫీజు వెనక్కివ్వరట. మిగిలిన క్లాసులకు నేనొస్తానన్నాను. డబ్బు కోసమేనని మా ఇంటాయనకు చెప్పాను. అది సగమే నిజం.

నాకు ఇచ్చిన గుర్రం రేసుల్లో పరిగెత్తి రిటైరైన ఆడ గుర్రం. నాకు సవారీ వచ్చు కదా అన్న గురూర్ పది నిమిషాల్లో దిగిపోయింది. నేర్పే కుర్రాడు నా మేనల్లుడి కన్నా చిన్నవాడు. "మేడమ్, మోకాళ్లు వదలండి. మడమలు కిందికి. కిందికి కాదు మేడమ్, ముందుకు చూడండి." మోకాళ్లతో అదిమితే మడమలు పైకి లేస్తాయట, మనిషి ముందుకు తూలుతుందట. మోతీ మీద నేర్చుకున్నదంతా విప్పుకోవాల్సి వచ్చింది. దాదా మాటల్లో పనికొచ్చింది మెడ మీద చెయ్యి ఒక్కటే.

మర్నాడు ఫజర్‌లో సజ్దాకి వెళ్లాను, లేవలేకపోయాను. తొడల లోపల కండలు పట్టేశాయి. వారం రోజులు కుర్చీలో కూచుని నమాజ్ చదివితే మా అమ్మాయి ఒకటే నవ్వు. అన్నట్టు, చెల్లెళ్లకి ఒక మాట: హెల్మెట్ కింద స్కార్ఫుకి పిన్ను పెట్టొద్దు, పట్టీ బిగించగానే గుచ్చుకుంటుంది. ముందే కుట్టిన స్కార్ఫు వేసుకోండి.

దుల్కీ చాల్ దగ్గర రెండు నెలలు ఆగిపోయాను. గుర్రం రెండడుగుల తాళంలో నడుస్తుంటే మనం ఒక అడుగుకి లేచి ఒక అడుగుకి కూచోవాలి. నేను లేచేసరికి అది లేపేది, కూచునేసరికి కొట్టేది. ఒక ఆదివారం బాగా వచ్చేది. మాషా అల్లాహ్ అనుకుంటూ ఇంటికొస్తే, మళ్లీ ఆదివారానికి అంతా మర్చిపోయేదాన్ని. పిల్లప్పుడు పడితే దులుపుకుని లేచేదాన్ని. ఇప్పుడు పడకముందే ఇంటి ఈఎంఐ, అమ్మీ బీపీ మాత్రలు, సోమవారం ఆఫీసు కళ్ల ముందు తిరుగుతాయి. ఆ భయానికి లగామ్ లాగేదాన్ని. లాగిన కొద్దీ గుర్రం వేగం పెంచేది. రేసు గుర్రానికి ఆ బిగింపు ఆగమన్నట్టు కాదట, పొమ్మన్నట్టట! ఆగాలంటే చెయ్యి వదులు చెయ్యాలి, ఊపిరి వదలాలి. భయపడ్డ మనిషికి అదెంత కష్టమో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఒకసారి పడ్డాను కూడా. గాలికి ప్లాస్టిక్ సంచి ఎగిరితే గుర్రం పక్కకి గెంతింది, నేను ఇసుకలో కూచున్నాను. నడుము విరగలేదు. అది నాలుగడుగులు పోయి ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎవరూ చెప్పకుండానే లేచి, పక్క నుంచి వెళ్లి మెడ మీద చెయ్యి వేశాను.

కిందటి నెల ఒక పొద్దున దుల్కీ కుదిరింది. రెండు చుట్లు, అంతే. దాని ఒక చెవి నా వైపు తిరిగింది. నేను ఏం చెప్తానో వింటోందన్నమాట. ఆ రెండు చుట్లూ నాకు ఈఎంఐ గుర్తు రాలేదు.

అమ్మీకి ఇన్నాళ్లూ చెప్పలేదు, ఖాలా చెప్పేసింది. తిట్లకి తయారై ఫోనెత్తాను.

"గుర్రానికి ఏం పెడతారు?" అంది.

"గడ్డి, తవుడు, ఓట్స్."

"ఉలవలు పెట్టరూ?"

వారం తిరక్కుండా తమ్ముడి చేత రెండు కిలోలు పంపింది. పచ్చివి వద్దు, ఉడికించి పిడికెడు పెట్టొచ్చు అన్నాడు నేర్పే కుర్రాడు. శనివారం రాత్రి కుక్కర్ పెట్టాను. మూడో విజిల్‌కి ఇల్లంతా వాసన. మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "రేపు ఉలవచారా అమ్మీ?" అంది.

"మనకి కాదు" అని డబ్బాలో సర్దాను.