జింక అడ్డం రాలేదు

2008 జనవరిలో, అమెరికాలోని మిస్సిసిపీ రాష్ట్రంలో, మా వ్యాను రోడ్డు దిగి గడ్డిలోకి పోయింది. ఎందుకు పోయిందని అడిగిన ప్రతివాళ్లకీ జింక అడ్డం వచ్చిందని చెప్పాం. ఫోర్‌మన్‌కి అదే చెప్పాం, పోలీసుకి అదే చెప్పాం, ఊళ్లో ఇంటివాళ్లకీ అదే చెప్పాం. పధ్నాలుగు మందిమీ ఒక్క మాట మీద నిలబడ్డాం. నిజానికి జింకా లేదు, గింకా లేదు.

2005లో కత్రినా తుపాను వచ్చి పోయాక అక్కడి షిప్‌యార్డులకి వెల్డర్లు, ఫిట్టర్లు చాలలేదు. మన దేశం నుంచి వందలమందిని హెచ్-2బి వీసాల మీద తీసుకెళ్లారు. మాలో ఎక్కువమందిమి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లం. ఏజెంటుకి కట్టిందంతా వడ్డీకి తెచ్చిన డబ్బే. ట్రెయిలర్లలో బంకు మంచాలు, బాత్రూము దగ్గర వరస. క్యాంపుల్లో ఉంటున్న మీకు అవన్నీ వర్ణించి చెప్పక్కర్లేదు. యార్డు క్యాంపుకి ముప్పయి మైళ్లు. బస్సు లేదు. కంపెనీ ఒక పదిహేను సీట్ల వ్యాను ఇచ్చి, మాలో లైసెన్సు ఉన్నవాణ్ణి నడుపుకోమంది. డ్రైవింగు పరీక్ష పాసైంది బావ ఒక్కడే. చుట్టరికం ఉన్నా లేకపోయినా అందరికీ అతను బావే. మేం పది గంటలు పనిచేసి వ్యానెక్కి నిద్రపోయేవాళ్లం. అతను అదే పది గంటలు పైపులతో కుస్తీ పట్టి, తర్వాత స్టీరింగు పట్టేవాడు.

ఇక్కడ గంటల తేడా సంగతి చెప్పాలి. చలికాలంలో మాకు తెల్లవారుజాము అయిదుంబావు అయితే ఊళ్లో సాయంత్రం నాలుగూ నలభై అయిదు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. ఇంటి మిస్డ్ కాల్ సరిగ్గా మేం వ్యానులో ఉన్నప్పుడే వచ్చేది. రాత్రి షిఫ్టు దిగొచ్చేసరికి వాళ్లు పనుల్లో ఉండేవారు. ఎడారి దేశాల్లో ఉన్నవాళ్లకి గంటల లెక్క వేరుగా ఉండొచ్చు గానీ, బండిలో కూర్చున్నప్పుడే ఇల్లు గుర్తుకురావడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

అప్పుడు కాలింగ్ కార్డులు. కార్డు గీకి, ముందు టోల్‌ఫ్రీ నంబరు, తర్వాత పిన్ను, ఆపైన ఊరి నంబరు నొక్కాలి. అన్నీ కలిపి ముప్పయి అంకెలు దాటేవి. ఒక్క అంకె తప్పితే మళ్లీ మొదటికి. బావ కార్డుని స్టీరింగుకి ఆనించి, ఒక కన్ను దానిమీద, ఒక కన్ను రోడ్డుమీద పెట్టి నొక్కేవాడు. అది చూసి మేం భయపడలేదు. ఎంత నేర్పో అని మెచ్చుకున్నాం.

ఆ రోజు మంచు. మిస్డ్ కాల్ ఇచ్చింది బావ కూతురు, పదో తరగతి. అర్ధ సంవత్సరం పరీక్షల మార్కులు వచ్చాయి. బావ కార్డు కొట్టి మాట కలిపాడు. లెక్కల్లో తొంభై రెండు. "స్పీకరు పెట్టు బావా, మేమూ ఇంటాం" అని వెనక నుంచి అరిచింది మేమే. బావ బటను కోసం తల వంచాడు. మాలో ఒకడు "ఏటమ్మా, సైన్సులో ఎంతొచ్చాయి?" అని కేకేశాడు. అందరం నవ్వుతున్నాం. ముందు దుంగల లారీ ఒకటి పక్క రోడ్డులోకి తిరగడానికి నెమ్మదించింది. దుంగల చివర కట్టిన ఎర్రగుడ్డ మాకు కనబడేసరికి అద్దం నిండా అదే ఉంది.

బావ స్టీరింగు విరిచేశాడు. ఒక పక్క చక్రాలు లేచి, మళ్లీ పడ్డాయి. గడ్డిలో బురద ఉండబట్టి ఆగాం. సీటు బెల్టులు గుచ్చుకుంటున్నాయని వాటిని సీట్ల సందుల్లోకి తోసేసింది మేమే. అందుకని ఒకడు ఎగిరి ముందు సీటుకి కొట్టుకున్నాడు, భుజం దగ్గర ఎముక విరిగింది. బండి ఆగాక ఒక్క నిమిషం ఎవరికీ మాట రాలేదు. పెడళ్ల దగ్గర పడిన ఫోను లోంచి "నాన్నా! నాన్నా!" అని వినబడుతోంది. మా అరుపులన్నీ ఆ పిల్ల వింది.

ఫోను సంగతి చెబితే బావ ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, అప్పు మిగులుతుంది. అందుకే జింక పుట్టింది. కంపెనీ నమ్మింది. మర్నాడు క్యాంపు గుమ్మం మీద "జింకలున్నాయి, జాగ్రత్త" అని కాగితం అంటించారు. అది చూసి నవ్వుకున్నాం కూడా. కానీ మిగతా వ్యాన్లు నడిపేవాళ్లు ఆ కాగితం చదివి రోడ్డు పక్క జింకల్ని వెతికారు గానీ, చేతిలో ఫోను దించలేదు. భుజం విరిగినవాడికి ఆరు వారాలు పని లేదు. వాడి వడ్డీ మాత్రం ఆగలేదు. అందరం తలా కొంత వేసుకుని పంపించాం.

ఎంత గండం తప్పిందో మాకు తర్వాత గానీ తెలియలేదు. పదిహేను సీట్ల వ్యానులో పదిమంది, అంతకు మించి ఎక్కితే బోల్తా పడే అవకాశం సుమారు మూడింతలని అమెరికా రోడ్డు భద్రత శాఖ 2001లోనే హెచ్చరించింది. అంటే ఉలిక్కిపడి స్టీరింగు తిప్పడమే ఆ బండిలో పెద్ద గండం. గంటకి 55 మైళ్ల వేగంలో అయిదు సెకన్లు ఫోను చూస్తే బండి 400 అడుగులు పోతుంది. నలభై అడుగుల కంటెయినర్లు పది వరసగా పెట్టి చూసుకోండి, అంత దూరం కళ్లు మూసుకుని వెళ్లినట్టు.

2010 మార్చి 26న, మా లాగే తెల్లవారకముందు, కెంటకీ రాష్ట్రంలో మన్‌ఫర్డ్‌విల్ దగ్గర ఒక లారీ హైవే మధ్య భాగం దాటి వచ్చి, పెళ్లికి వెళ్తున్నవాళ్ల వ్యానుని గుద్దింది. వ్యానులో పన్నెండుమంది ఉంటే పదిమంది పోయారు. లారీ డ్రైవరూ పోయాడు. బతికింది పిల్లల సీట్లలో కట్టి ఉంచిన ఇద్దరు పసివాళ్లు. లారీ డ్రైవరు ఫోను వాడుతూ ఏమరుపాటున అదుపు తప్పాడని విచారణలో తేలింది. కమర్షియల్ బండ్లు నడిపేవాళ్లు ఫోను చేత్తో పట్టుకోకూడదనే ఫెడరల్ నిబంధన 2012 జనవరి 3న అమల్లోకి వచ్చింది. జరిమానా డ్రైవరుకి 2,750 డాలర్ల దాకా, యజమానికి 11,000 డాలర్ల దాకా పెట్టారు. మేం ఉన్న మిస్సిసిపీలో డ్రైవర్లందరికీ మెసేజిల నిషేధం రావడానికి 2015 జూలై దాకా పట్టింది. చట్టాలొచ్చినా, ఒక్క 2023లోనే డ్రైవర్ల పరధ్యానం ఉన్న ప్రమాదాల్లో అమెరికాలో 3,275 మంది చనిపోయారు.

ఇప్పుడు చెవిలో పెట్టుకునేవి వచ్చాయిగా, చేతులు ఖాళీయేగా అంటారు కొందరు. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే ఆయన ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, చేతులు ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదని చూపించాడు. కళ్లు రోడ్డుమీదే ఉంటాయి, ఎదురుగా ఉన్నది మాత్రం బుర్రకి ఎక్కదు. ఇది మాకు కొత్త సంగతేం కాదు. ఇంట్లో జ్వరమని వినిన రోజున కొలత తప్పుగా కోసిన ఫిట్టర్లని మేం చాలామందిని చూశాం.

కష్టమైన పని చట్టం తెలుసుకోవడం కాదు, బావకి చెప్పడం. బండి నడిపేవాడు పెద్దవాడు, పైగా అందరికీ అవసరమైనవాడు. "ఫోను పెట్టేయ్ బావా" అనడానికి నోరు రాదు. చివరికి భుజం విరిగినవాడే, కట్టు ఇంకా విప్పకముందే, ముందు సీటులో కూర్చుని చెయ్యి చాపాడు. బావ ఏమీ అనకుండా ఫోను వాడి చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి రోజూ ముందు సీటువాడిదే ఫోను కాపలా. మిస్డ్ కాల్ వస్తే ఎవరిదో చూసి చెప్పేవాడు. అవసరమైతే పెట్రోలు బంకులో ఆపేవాళ్లం. ఇళ్లకి కూడా చెప్పేశాం, ఈ వేళప్పుడు వద్దు, ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందామని. మొదట్లో అలిగారు, తర్వాత అలవాటైంది.

బావ ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. కూతురికి పెళ్లై, ఇద్దరు పిల్లలు. ఈనాటికీ ఆ అమ్మాయి ఫోను చేస్తే ముందుగా అడిగేది "నాన్నా, బండిలో ఉన్నావా?" అని. బావకి బండే లేదు, అరుగు మీద కూర్చుని ఉంటాడు. తన ఫోను వల్లే అలా జరిగిందని పిల్ల బెంగపడకూడదని అప్పుడు ఆమెకీ జింక కథే చెప్పాడు. ఇది రాసే ముందు బావని అడిగాం. కాసేపు ఊరుకుని, "రాయండి. దానికి ముందు నేనే చెప్తాను" అన్నాడు. చెప్పాడో లేదో మేం ఇంకా అడగలేదు.