కాకికి షాక్ కొట్టదేం?

'నాన్నా, తీగ మీద కాకికి షాక్ కొట్టదేం?' ఈ ప్రశ్న ఎదురవని ఇల్లుండదు. జవాబు తేలికే. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీదుంటాయి. ఆ బెత్తెడు ఎడంలో ఓల్టేజీ తేడా దాదాపు సున్నా. అందుకే కరెంటు కాకిని పట్టించుకోకుండా తీగలోంచే సాగిపోతుంది. రెక్క పక్క తీగకో, ఇనుప స్తంభానికో తగిలిందా... ప్రాణం పోయినట్లే! పెద్ద రెక్కల గద్దలకీ గబ్బిలాలకీ ఈ గండమెక్కువ.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టది మరో కష్టం. అది తీగ మీద వాలదు పాపం. ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనబడదు, బరువైన ఒళ్లు చప్పున పక్కకు తిరగదు. రాజస్థాన్‌లో అలా తీగలకు గుద్దుకుని చనిపోతుంటే, వాటిని భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖర్చూ ఇబ్బందులూ ఎక్కువన్నారు. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, సంగతి తేల్చమని నిపుణుల కమిటీకి అప్పగించింది.