లాకుల దారిన చెన్నపట్నం

పడవ సంపాదించడం ఏమంత కష్టం కాలేదు. దాన్ని ఎన్ని తలుపులు దాటించాలో లెక్కవేసే సరికే మాకు తల తిరిగిపోయింది!

ధవళేశ్వరం నుంచి చెన్నపట్నం దాకా, రోడ్డెక్కకుండా, తెరచాప పడవలో వెళ్ళాలని మా మిత్రుడి సంకల్పం. వెర్రి ఆలోచనేమీ కాదు. ఒకప్పుడు ధాన్యం, కలప, పెళ్ళివారూ పడవల మీదే వెళ్ళేవారు. 1852లో గోదావరి ఆనకట్ట, 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. కాటన్ దొర కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారులయ్యాయి. చెన్నపట్నం నుంచి 1806 నాటికే ఎన్నూరు దాకా ఉన్న ఉప్పు కాలువ, 1876–78 కరువులో కూలీల చేత పొడిగింపబడి, 1878లో బకింగ్‌హామ్ కాలువ అయింది.

పటం విప్పాం. విజ్జేశ్వరం దగ్గర ఏలూరు కాలువలో దిగాలి. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇటు నుంచి గోదావరి నీరు, అటు నుంచి కృష్ణ నీరు వచ్చి ఏలూరులో కలుస్తాయి. కనుక ఏలూరు దాకా లాకులు పడవను దింపుతాయి. ఆ పైన బెజవాడ దాకా ఎత్తుతాయి. బారేజీకి ఎగువన కృష్ణ దాటి సీతానగరం, దుగ్గిరాల, కొమ్మమూరు కాలువ, పెదగంజాం. అక్కడి నుంచి ఉప్పునీళ్ళు.

ఎప్పుడు బయలుదేరాలి? వేసవిలో కాలువలు కట్టేస్తారు. వానాకాలం నైరుతి గాలి ఎదురు. కార్తీకంలో తుపాను భయం. సంక్రాంతి వెళ్ళాక అయితే కాలువల్లో దాళ్వా నీరుంటుంది, ఈశాన్యపు గాలి వీపు తడుతుంది.

చిన్నతనంలో పడవల మీద పనిచేసిన ముసలాయన ఒకరు అంతా విని నవ్వాడు.

"చాప సంగతి తర్వాతండి. తాడు చూసుకోండి ముందు. లాకులో నీరు దిగేప్పుడు తాడు బిగించి కట్టేస్తే పడవ గోడకి వేలాడిపోద్ది. చేత్తో పట్టుకుని కొంచెం కొంచెం వదలాలండి."

స్తంభం మడతపడేది కావాలట. వంతెనలు మనకోసం లేవవు కదా.

అసలు చిక్కు వేరే. 2008లో ఈ కాలువలను జాతీయ జలమార్గమని ప్రకటించారు గాని, చాలాచోట్ల లాకు తలుపులు తెరిచే నాథుడే లేడు. తలుపు తెరుచుకోని చోట పడవను గట్టెక్కించి మోసుకుపోవాలి. అందుకని నలుగురు ఎత్తగల పడవే ఖాయం చేశాం. సామాను తూకం వేసి మరీ రాసుకున్నాం.

ముసలాయన మా కొత్త తాడును మూరలు వేసి కొలుస్తూ, తలెత్తకుండా అడిగాడు:

"పెదగంజాం దాకా నేనూ రావచ్చాండి? చుక్కాని కాడ కూకుంటాను. మొయ్యడానికి మాత్రం నావల్ల కాదండి."

మిత్రుడు నా ముఖం చూశాడు. తర్వాత జాబితా తీసి బియ్యం సగానికి తగ్గించాడు. నా పుస్తకాల పెట్టె పూర్తిగా కొట్టేశాడు.