చేతక్‌కి ఎన్ని సెంటీమీటర్లు?

ఈ నెల రాసే వంతు ఆరో తరగతి ఇంగ్లిష్ టీచర్‌గా నాకొచ్చింది. స్పోకెన్ ఇంగ్లిష్ గురించో, రీడింగ్ హ్యాబిట్ గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను గుర్రం పొట్ట కింద కట్టే పట్టీ గురించి రాస్తున్నాను.

'మై ఫ్యామిలీ' మీద పేరాగ్రాఫ్ రాయమంటే మా క్లాసులో ఒక బాబు అమ్మ, నాన్న, చెల్లి తర్వాత చేతక్ పేరు రాశాడు. చేతక్ వాళ్ళ గుర్రం. వాళ్ళ నాన్నగారు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని గుర్రం ఎక్కించి తిప్పుతారు. చివరి వాక్యం 'చేతక్ హ్యాజ్ పెయిన్ అండర్ హిజ్ ఆర్మ్'. చదివి వినిపిస్తే గుర్రానికి ఆర్మ్ ఏమిటని వెనక బెంచీ నవ్వింది. ఎక్కడ నొప్పి అని అడిగాను. వాడు చెయ్యెత్తి తన చంక చూపించాడు. "తంగు కోసేసింది మేడమ్" అన్నాడు. ఆ మాటకి నవ్వు ఆగింది. (వాళ్ళ ఇంట్లో అడిగాకే ఇదంతా రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.)

తంగు అంటే జీను జారిపోకుండా ఛాతీ కింద నుంచి తిప్పి రెండు వైపులా బకిల్స్‌తో బిగించే పట్టీ. ఇంగ్లిష్‌లో గర్త్. మనం పిల్లల్ని ఎక్కించేటప్పుడు జీను మీద ఎర్ర గుడ్డ చూస్తాం, కుచ్చులు చూస్తాం, ఫోటో తీస్తాం. కింద ఉన్న పట్టీని ఎవరూ చూడరు. పైన కూర్చున్న పిల్లవాడు పక్కకి ఒరిగినా జీను తిరిగిపోకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా అదే.

ఆ వారం పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ళ నాన్నగారు వచ్చారు. మార్కుల గురించి రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్ తీశారు. ఆన్‌లైన్‌లో అమ్మే గర్త్‌ల ఫోటోలు, కింద సైజుల పట్టిక, అంతా ఇంగ్లిష్. "ఇందులో ఏటి రాసుందో చదివి చెప్పండి మేడమ్, నేను కొలత తెస్తాను" అన్నారు. పాతది సన్నటి నైలాన్ పట్టీ. ఉప్పుగాలికీ చెమటకీ గట్టిపడి, అంచు రంపంలా తయారైంది. ముందుకాలి మోచేయి వెనక రెండు వైపులా వెంట్రుకలు ఊడి, ఒక పక్క చర్మం చిట్లింది. పశువుల డాక్టరు పుండు పూర్తిగా మానేదాకా జీను వెయ్యొద్దన్నారట. అది డిసెంబరు. సంక్రాంతి సెలవుల దాకా బీచ్‌లో నాలుగు డబ్బులు కనబడే రోజులు అవే. చేతక్‌ని ఆయన షెడ్డులోనే ఉంచారు. పుండు మీద మెత్తటి గుడ్డ చుట్టి తిప్పేయమని పక్కవాళ్ళు సలహా ఇచ్చినా వినలేదు. ఇంట్లో ఇంకో గుర్రం ఉంది కాబట్టి సగం సంపాదనైనా వస్తోందన్నారు. మూడో టర్మ్ ఫీజు కట్టాల్సింది కూడా అందులోంచే.

ఆ సాయంత్రం నేను కొంత చదివాను. నాకు ఆశ్చర్యంగా అనిపించిన సంగతి, గుర్రానికి కాలర్ బోన్ లేదు. మనకి భుజాన్ని ఛాతీతో కలిపే ఆ ఎముక గుర్రంలో ఉండదు. ముందుకాళ్ళ మధ్య దాని ఛాతీ మొత్తం కండరాలతోనే ఉయ్యాలలా వేలాడుతుంది. పట్టీ వెళ్ళేది ఆ కండరాల పక్క నుంచే. కాలు వెనక్కి వచ్చిన ప్రతిసారీ మోచేయి పట్టీ అంచు దగ్గరికి వస్తుంది. నొక్కుడు ఎక్కువ పడేది కింద రొమ్ము ఎముక మీదేమో అనుకుంటాం. 2013లో బ్రిటన్ పరిశోధకులు ప్రెషర్ మ్యాట్‌లు పెట్టి కొలిస్తే, ఎక్కువ ఒత్తిడి మోచేతుల వెనకే కనబడింది. మా బాబు చూపించిన చోటు అదే.

మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో కన్వేయర్ బెల్టుల దగ్గర పనిచేశారు. రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, "బెల్టు లూజైతే జారుతుంది, టైటైతే బేరింగ్ పోతుంది. మీ గుర్రానిదీ అదే గొడవ" అన్నారు. బేరింగ్ మార్చొచ్చు కదా నాన్నా అన్నాను.

ఇక ఏ రకం కొనాలన్నది. తోలుది అందంగా ఉంటుంది, మెత్తగా ఉంచుకుంటే చర్మానికి మంచిదే. కానీ సముద్రం ఒడ్డున రోజూ తుడిచి, తరచూ నూనె పట్టించకపోతే బిరుసెక్కుతుంది. ఆయన వెంటనే వద్దన్నారు. నియోప్రీన్ అని స్కూబా డైవింగ్ సూట్లకి వాడే రబ్బరు లాంటి మెటీరియల్ ఉంది. బకెట్ నీళ్ళు పోస్తే శుభ్రమైపోతుంది, జారదు. గాలి మాత్రం ఆడదు. మన విశాఖ ఉక్కపోతలో దాని కింద చర్మం ఉడికిపోతుందని నా అభిప్రాయం. నూలు తాళ్ళు వరసగా పేర్చి అల్లిన రకంలో గాలి బాగా ఆడుతుంది. అది నాకు నచ్చింది. ఆయనకి నచ్చలేదు. "తాడుకీ తాడుకీ మధ్యన ఇసక దూరుద్ది మేడమ్. చర్మం కూడా నొక్కుకుంటాది" అన్నారు. ఆ మాట నేను చదివిన ఏ పేజీలోనూ లేదు. ఇసకలో రోజూ తిరిగేవాళ్ళకి తెలిసే విషయం. గొర్రె ఉన్ని కవర్ కూడా ఇసక పట్టేస్తుందనే ఆగిపోయింది.

చివరికి వెడల్పాటి, లోపల దళసరి ప్యాడింగ్ ఉన్న, నున్నటి నూలు పట్టీ ఎంచుకున్నారు. వెడల్పు ఎందుకంటే అదే బిగింపు ఎక్కువ చోటు మీద పంచుకుంటుంది. పిల్లల స్కూల్ బ్యాగు పట్టీకి మనం చూసే లెక్కే. ముందు వైపు మోచేతుల దగ్గర లోపలికి వంపు తిరిగి ఉంది, కాలికి చోటు వదులుతూ. ఎలాస్టిక్ రెండు కొసలకీ ఉన్నదే తీసుకోమన్నాను. ఒక్క కొసకే ఉంటే సాగడం అటువైపే జరిగి, జీను ఒక పక్కకి లాగే అవకాశం ఉంటుంది. ఎలాస్టిక్‌తో ఒక ఇబ్బంది కూడా ఉంది. సులువుగా సాగుతుంది కదా అని తెలియకుండానే ఎక్కువ బిగించేస్తాం.

కొలత పని క్లాసులో పెట్టాం. జీను వేసే వీలు లేదు కాబట్టి, పుండు పడకముందు జీను కూర్చునే చోట తేలికపాటి గుడ్డ పరిచి, జీను నుంచి వేలాడే పట్టీల మధ్య రంధ్రం ఎంతవరకు వస్తుందో గుర్తు పెట్టుకుని, ఒక పక్క గుర్తు నుంచి ఛాతీ కింద మీదుగా రెండో పక్క గుర్తు దాకా టైలర్ టేపుతో వదులుగా కొలిచారు. బాబు మూడుసార్లు కొలిచి 44 అంగుళాలని రాసుకొచ్చాడు. పట్టికలో సెంటీమీటర్లున్నాయి, అదీ ఐదేసి చొప్పున. 44ని 2.54తో గుణిస్తే 111.76. 110 తీసుకోవాలా, 115 తీసుకోవాలా? దగ్గరి సంఖ్య 110 అని సగం క్లాసు. పుండు ఉంది కాబట్టి పెద్దదే నయమని మిగతా సగం. వదులుగా ఉంటే నొప్పి ఉండదనుకున్నారు. కానీ వదులు పట్టీ కదులుతుంది, కదిలితే రాసుకుంటుంది. పైగా ఎలాస్టిక్ సాగితే ఇంకొంచెం పొడవవుతుంది. బిగించడానికి పైన రెండు మూడు రంధ్రాలు మిగలాలి, బకిల్స్ మోచేయి దగ్గరికి దిగకూడదు. 110 ఖాయం చేశారు. మ్యాథ్స్ సార్ ఆ రోజు నా పీరియడ్‌లో వచ్చి కూర్చున్నారు, అది వేరే కథ.

అదే వారం ఇంగ్లిష్‌లో ఆన్నా సూవెల్ 1877లో రాసిన 'బ్లాక్ బ్యూటీ' గురించి చెప్పాను. గుర్రమే తన కథ చెప్పుకునే నవల. చిన్నప్పుడు కాళ్ళకి దెబ్బ తగిలి సరిగా నడవలేకపోయిన ఆవిడ ఎక్కడికెళ్ళాలన్నా గుర్రబ్బండే దిక్కు. క్లాసులో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగింది మా బాబే. 'సాడిల్', 'బకిల్', 'బ్రీద్' స్పెల్లింగులు వాడికి ఇక తప్పవు.

కట్టే పద్ధతి మాత్రం వాళ్ళ నాన్నగారే నాకు నేర్పారు. ఒక ఆదివారం పొద్దున్న, రెండో గుర్రం మీద. మొదట వదులుగా పెట్టి, నాలుగడుగులు నడిపించి, ఒక రంధ్రం. మళ్ళీ నడిపించి ఇంకో రంధ్రం. కట్టేటప్పుడు చాలా గుర్రాలు ఛాతీ బిగబట్టి ఉబ్బుతాయి, ఒకేసారి గట్టిగా లాగితే కట్టడమంటేనే భయపడి కరవడం మొదలుపెడతాయి. తర్వాత ముందుకాళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని మెల్లగా ముందుకి చాపారు. పట్టీ కింద ముడత పడ్డ చర్మం సాఫీ కావడానికి. చివర రెండు వేళ్ళు పట్టీ కిందకి దూర్చి చూశారు. నన్నూ దూర్చమన్నారు. వెచ్చగా ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా వేళ్ళ మీద నొక్కుతోంది.

బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళే మీ అందరికీ ఒక విన్నపం. డబ్బులు కలిసొస్తాయని ఇద్దరు పిల్లల్ని ఒకే గుర్రం మీద కూర్చోబెట్టమని బతిమాలకండి. బరువు పెరిగి జీను ఊగితే మరింత బిగించక తప్పదు. ముందుకాలి వెనక వెంట్రుకలు ఊడిన మచ్చ కనిపిస్తే ఆ గుర్రం ఎక్కించకండి, ఎందుకో యజమానికి చెప్పండి. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు రోజుకి 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు దాటి పని చేయించకూడదంటాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు వద్దంటాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం రైడ్ కావాలని మారాం చేసే పిల్లలకి ఈ లెక్క చెప్పి చూడండి.

పార్సిల్ వచ్చాక కూడా ఆయన ఇంకో వారం ఆగారు, కొత్త వెంట్రుకలు మొలిచేదాకా. వాళ్ళ అమ్మగారు పట్టీకి దిండు గలీబుల్లాంటి నూలు తొడుగులు రెండు కుట్టారు. ఒకటి చేతక్ మీద ఉంటే ఇంకోటి తీగ మీద ఆరుతుంది. బాబు నోటుబుక్కులో తేదీ వేసి, ఎడమ ఎన్నో రంధ్రం, కుడి ఎన్నో రంధ్రం అని రోజూ రాస్తున్నాడు. రెండో గుర్రానికి కూడా అదే పట్టీ వాడుకోవచ్చు కదా అన్నాను. చర్మవ్యాధులు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి, ఎవరిది వాళ్ళకే ఉండాలని డాక్టరు చెప్పారట. పైగా అది ఆడగుర్రం, ఛాతీ గుండ్రం. దానికి 110 చాలదు. టేపు మళ్ళీ స్కూలుకి వస్తోంది.