గీతలు పడ్డ సీడీలు పారేయకండి

పాత సీడీలు సర్దుతున్నవాళ్లకి ఒక మాట. మెరిసే వైపు గీతలు పడి పాట ఆగి ఆగి వస్తోందంటే ఆ సీడీ పోయినట్టు కాదు. 1.2 మిల్లీమీటర్ల మందంలో దాదాపు అంతా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్కే. పాట ఉండేది దాని పైన, లేబుల్‌కి ఆనుకుని. గీత దగ్గర లేజర్ కాంతి చెదిరిపోతుంది, అంతే. మిషన్ మీద ఆ ప్లాస్టిక్‌ని పల్చగా అరగదీసి నున్నగా పాలిష్ చేస్తే పాట తిరిగొస్తుంది. మొదటి ప్లేస్టేషన్ గేమ్ సీడీలకీ ఇదే వైద్యం. బ్లూరే జోలికి మాత్రం పోకండి, అందులో సమాచారం 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

నాకు బాధనిపించేది లేబుల్ వైపు గీత. అక్కడ సన్నటి పూత, దాని కిందే అల్యూమినియం. అది లేచిపోతే ఏ మిషనూ తేలేదు. మనమేమో మెరిసే వైపుకే జాగ్రత్తలన్నీ తీసుకుని, లేబుల్ వైపు బోర్లించి పెడతాం!

తుడిచేటప్పుడు గుండ్రంగా వద్దు, మధ్య నుంచి అంచుకి తుడవండి. అడ్డగీతని ప్లేయర్ చాలావరకు సరిదిద్దుకుంటుంది, ట్రాక్ వెంట సాగిన గీతతో దానికి కష్టం.

ఇంట్లో పెద్దవాళ్ల గొంతు, ఎవరి కచేరీయో ఉన్న సీడీ అయితే, పాలిష్ అయిన రోజే కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి.