పేరు చూపించి పిలిచాక మనిషి రావద్దా, వదినా?

ఏటి వదినా, మీ చిన్నోడు పొద్దున్నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్నాడట? విశాఖలో మ్యాచ్‌కి వెళ్తానంటే వద్దన్నావట కదా. ఆ చిక్కుడుకాయల చేట ఇలా గోడ మీద పెట్టు, నేనూ ఈనెలు తీస్తాను. మాట్లాడుకుంటూ ఉంటే అవే అయిపోతాయి.

నువ్వు వద్దన్నది డబ్బుకి చూసుకుని కాదని నాకు తెలుసు. అంత దూరం పోయాక వాడు చూడాలనుకున్నవాళ్లు ఆడకపోతే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని నీ బెంగ. అది ఉత్త బెంగ కాదు వదినా. విశాఖలో ఉన్నవాళ్లు సాయంత్రం చొక్కా మార్చుకుని మ్యాచ్‌కి పోతారు. మన కల్యాణసింగ్‌పూర్ నుంచి అలా కుదరదు. రాయగడ దాకా బస్సు, అక్కణ్నుంచి విజయనగరానికి రైలు, అక్కడ మళ్లీ బస్సు. మధురవాడలో దిగితే స్టేడియం. ఫోన్లో టికెట్టు కొన్నా కౌంటరు దగ్గర నిలబడి కాగితం టికెట్టు తీసుకోవాలి. ట్వంటీ20 అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది. ఆ వేళప్పుడు ఇటు తిరిగి రావడం ఎలాగ? తెల్లారేదాకా స్టేషన్లోనే పడిగాపులు. అటు కటక్ బారాబతి స్టేడియానికి పోదామన్నా హిరాఖండ్ రైల్లో రాత్రంతా కూర్చోవాలి. రెండు స్టేడియాలకీ నడిమిన ఉన్నాం, రెండూ మనకి దూరమే. టికెట్టు కంటే దారిఖర్చే ఎక్కువయ్యేవాళ్లం మనం.

2022 జూన్ గుర్తుందా? దక్షిణాఫ్రికా వాళ్లు వచ్చారు. 12న కటక్‌లో, 14న విశాఖలో ట్వంటీ20లు. మన రెండు వైపులా రెండు రోజుల తేడాలో ఇండియా ఆడుతోందంటే పండగే కదా. తీరా చూస్తే రోహిత్ శర్మ, కోహ్లీ, బుమ్రా ముగ్గురికీ విశ్రాంతి. అటు కటక్‌కీ రాలేదు, ఇటు విశాఖకీ రాలేదు. అయినా అప్పుడు బోర్డు చేసిన పద్ధతిని నేను తప్పుపట్టను. జట్టు పేర్లు మే 22నే చెప్పేశారు, అంటే మూడు వారాల ముందు. వెళ్లినవాడు తెలిసే వెళ్లాడు, మానుకున్నవాడు తెలిసే మానుకున్నాడు. కటక్‌లో ఓడారు, విశాఖలో 48 పరుగుల తేడాతో గెలిచారు. మోసపోయామనడానికి అక్కడ చోటు లేదు.

మనసుకి కష్టం వేసింది 2023 నవంబరులో. 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఓడిపోయామా? నాలుగు రోజులకే, 23న, విశాఖలో అదే ఆస్ట్రేలియాతో ట్వంటీ20. టికెట్ల అమ్మకం ముందే మొదలైపోయింది. జట్టు పేర్లు బయటికొచ్చింది 20న. రోహిత్ లేడు, కోహ్లీ లేడు, బుమ్రా లేడు, షమీ లేడు, సిరాజ్ లేడు. ఫైనల్ ఆడిన పదకొండు మందిలో విశాఖలో దిగినవాడు సూర్యకుమార్ యాదవ్ ఒక్కడే, కెప్టెన్సీ కూడా అతని నెత్తినే పడింది. అప్పటికే టికెట్టు కొనేసి, రైలు రిజర్వేషన్ చేయించుకున్నవాడు మూడు రోజుల్లో ఏం చెయ్యగలడు చెప్పు?

ఆడినవాళ్లని నేను ఒక్క మాటా అనను వదినా. ఆస్ట్రేలియా 208 కొట్టింది. సూర్యకుమార్ 42 బంతుల్లో 80 చేశాడు. ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాల్సి ఉంటే రింకూ సింగ్ సిక్సు బాదాడు. అది నోబాల్ కాబట్టి సిక్సు లెక్కలోకి రాలేదు గానీ మ్యాచ్ మనదే అయింది. మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ కూడా ఆడాడు. ఆ రాత్రి స్టేడియంలో ఉన్నవాళ్లు మంచి ఆటే చూశారు.

విశ్రాంతి తీసుకున్నవాళ్లది తప్పా అంటే, అదీ కాదు. ఆ ప్రపంచకప్‌లో అక్టోబరు 8 నుంచి నవంబరు 19 దాకా 11 మ్యాచ్‌లు ఆడారు. మొదటి తొమ్మిదీ తొమ్మిది ఊళ్లలో. ఇవాళ చెన్నై, నాలుగో రోజుకి ఢిల్లీ, తర్వాత ధర్మశాల కొండలు, మళ్లీ లక్నో. ఒళ్లు హూనం కాదూ? బుమ్రా సంగతే తీసుకో. వెన్ను దెబ్బతో 2022 ట్వంటీ20 ప్రపంచకప్‌కి దూరమయ్యాడు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో వెన్నుకి ఆపరేషన్ అయింది. ఆగస్టులో గానీ మళ్లీ బంతి పట్టలేదు. ఆ మనిషే 2024 ఫిబ్రవరిలో ఇదే విశాఖలో ఇంగ్లండ్ మీద 45 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. అదే నెలలో రాంచీ టెస్టుకి విశ్రాంతి ఇచ్చారు. ఇవ్వాలి కూడా. ఫాస్ట్ బౌలర్ వెన్ను ఒకసారి పోతే నెలలకి నెలలు మంచం మీదే.

సిరాజ్ పేరెత్తుతావని తెలుసు. నిజమే, 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకి పైగా వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆఖరి రోజు పొద్దున్నే వికెట్లు పడగొట్టి 6 పరుగుల తేడాతో గెలిపించాడు. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు అంత కష్టపడితే మన గుండె ఉప్పొంగదూ? కానీ సిరాజ్ ఒళ్లు వేరు, బుమ్రా వెన్ను వేరు. ఒకణ్ని చూపించి ఇంకొకణ్ని తిట్టడం ధర్మం కాదు. పైగా ఆ సిరీస్‌కి బుమ్రా ఐదింటిలో మూడే ఆడతాడని ముందే చెప్పేశారు. నాకు నచ్చింది అదే.

నేను పట్టుకున్నది ఒక్కటే వదినా, చెప్పి చెయ్యడం. మన మావయ్యల కాలంలో పద్యనాటకాలుండేవి కదా. కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తిగారు అని కరపత్రంలో వేస్తే జనం ఆ పేరు చూసే కదిలేవారు. ఆయనకి ఒంట్లో బాగోలేక రాలేకపోతే ఎవరూ ఏమీ అనరు. రారని తెలిసీ ఆ కరపత్రమే పంచిపెడితే మాత్రం కాంట్రాక్టరు జవాబు చెప్పుకోవాల్సిందే. క్రికెట్టుకీ అదే న్యాయం.

మీ చిన్నోడు ఫోన్లో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తాడు కదా, ఎన్‌బీఏ? అక్కడ ఈ గొడవ చాలాకాలంగా నడుస్తోంది. సీజనుకి ఒక్కో జట్టూ 82 ఆటలు ఆడాలి. 2012 నవంబరు 29న శాన్ ఆంటోనియో స్పర్స్ మయామీలో ఆడాలి. ఐదు రాత్రుల్లో వాళ్లకది నాలుగో ఆట. కోచ్ గ్రెగ్ పాపోవిచ్ తన పెద్ద ఆటగాళ్లు టిమ్ డంకన్, టోనీ పార్కర్, మను జినోబిలీని, వాళ్లతోపాటు డానీ గ్రీన్‌ని ఆటకి ముందే విమానమెక్కించి ఇంటికి పంపేశాడు. వాళ్లెవరికీ దెబ్బలేమీ లేవు. స్పర్స్ మయామీకి వచ్చేది సీజను మొత్తానికి ఒక్కసారే. ఆ ఒక్కసారీ చూడాల్సినవాళ్లు లేరు. మిగిలిన కుర్రాళ్లు చివరిదాకా పోరాడి 105–100తో ఓడారు. లీగ్ పెద్ద డేవిడ్ స్టెర్న్ స్పర్స్‌కి 2,50,000 డాలర్ల జరిమానా వేశాడు. లీగ్‌కీ, ఎదుటి జట్టుకీ, పత్రికలకీ వేళకి చెప్పకుండా ఇలా చెయ్యడం అభిమానులకి అన్యాయమన్నాడు.

తర్వాత అక్కడ నిబంధనలు పెట్టారు. 2023 నుంచి బాగున్న పెద్ద ఆటగాళ్లని ఒకే ఆటలో ఇద్దరేసి ముగ్గురేసి కూర్చోబెట్టకూడదు. విశ్రాంతులన్నీ పరాయి ఊళ్ల ఆటలకే తోసెయ్యకుండా సొంతూరి ఆటలకీ సమంగా పంచాలి. కనీసం 65 ఆటలు ఆడనివాడికి పెద్ద అవార్డులు చాలామటుకు దక్కవు. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఒంట్లో బాగుండి విశ్రాంతి తీసుకుంటున్న ఆటగాడు స్టేడియానికి వచ్చి జనానికి కనిపించాలి. ఆడకపోయినా, ఊరు దాటి వచ్చిన పిల్లాడు కళ్లారా చూసుకుంటాడు. ఆ మాత్రం మర్యాద ఇక్కడ చెయ్యలేమా?

పెద్దవాళ్లు వస్తేనే ఆట అని నేను అనడం లేదు. 2023 మార్చి 19న ఇదే విశాఖలో రోహిత్, కోహ్లీ ఇద్దరూ ఆడిన వన్డేలో ఆస్ట్రేలియా మనల్ని 117కే పడగొట్టింది. వాళ్లు 11 ఓవర్లలో కొట్టేశారు. రోజంతా ఆట ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు సాయంత్రానికే బయటికొచ్చేశారు. అది ఆట, గెలుపోటములుంటాయి, దానికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. 2025 డిసెంబరు 6న అదే చోట దక్షిణాఫ్రికా మీద రోహిత్ 75, కోహ్లీ 65 నాటౌట్, జైస్వాల్ సెంచరీ. చూసినవాళ్ల కడుపు నిండిపోయింది. పరుగులు చేస్తాడో లేదో మనం అడగం. ఆడేది ఎవరో చెప్పమంటున్నాం, అంతే.

క్రికెట్ బోర్డుకీ, మ్యాచ్ పెట్టే ఆంధ్రా, ఒడిశా సంఘాలకీ మనలాంటివాళ్ల తరఫున చెప్పాల్సింది ఇదే వదినా. జట్టు పేర్లు ప్రకటించాకే టికెట్లు అమ్మండి. ముందే అమ్మితే, జట్టు తెలిశాక వద్దనుకున్నవాడికి డబ్బు తిరిగివ్వండి. రాని మనిషి బొమ్మతో ప్రచారం చెయ్యకండి. విశ్రాంతులు ముంబై, బెంగళూరు మ్యాచ్‌లకీ పంచండి, ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు దొరికే ఊళ్ల మీదే పడెయ్యకండి. దెబ్బ తగిలినవాడి గురించి మేం అడగం, అతను కోలుకోవాలనే కోరుకుంటాం.

ఇదిగో, ఈనెలు తీయడం అయిపోయింది, చేట పట్టుకో. చిన్నోణ్ని మాత్రం పంపు వదినా. జట్టు పేర్లు వచ్చాకే టికెట్టు కొనమను. రాత్రికి విజయనగరంలో తెలిసినవాళ్లింట్లో పడుకుని తెల్లారి రమ్మను. వెళ్లాక అక్కడ ఆడుతున్నవాడు ఎవడైనా సరే, చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టమను.